కవులన్న పది మాటలు: మూడోది దాటేసరికి ఏడైంది

[మైకు సర్దుతున్న చప్పుడు]

రవి: ఎర్ర లైటు వెలిగింది అక్కా. మొదలెట్టేద్దామా?

పద్మ: బోరు బందైందా?

రవి: ఆపేశారు. మళ్లీ ఏడింటికే వేస్తారు. సరే, అందరికీ నమస్కారం. పోయినసారి మాటిచ్చాం కదా, బతుకు గురించీ కళ గురించీ మన కవులు అన్న మాటల్లో మాకు బాగా నచ్చిన పది చెబుతామని. ఐదు అక్కవి, ఐదు నావి.

పద్మ: నాయి ఆరు. డల్లాస్ వదిన ఒకటి పంపింది, నా లెక్కల కలిపిన.

రవి: నీ లెక్క ఎప్పుడూ ఒకటెక్కువేనా?

పద్మ: లెక్క ముచ్చట తియ్యకు, గంట పోతది. నేనే మొదలువెడుత. వేమన. "నిక్కమైన మంచి నీలమొక్కటి చాలు, తళుకు బెళుకు రాళ్లు తట్టెడేల." ఒక్కటి ఉన్నా సరే, నిఖార్సైంది ఉండాలె. బతుక్కూ గంతే, రాతకూ గంతే. ఇగ రెండోది నీది.

రవి: ఆగాగు. మూడో పాదం?

పద్మ: ఏం మూడో పాదం?

రవి: పద్యం అయిపోలేదు కదక్కా. ఆటవెలది, నాలుగు పాదాలుండాలి. నాలుగోది విశ్వదాభిరామ, అది అందరికీ వచ్చు. మూడోది చెప్పు.

పద్మ: జెర ఆగు... నీలమొక్కటి చాలు... తట్టెడేల... ఏమో, యాదికొస్తలేదు.

రవి: "చాటుపద్యమిలను చాలదా యొక్కటి."

పద్మ: అవునవును! బళ్లె చదివిన్రా నేను దాన్ని.

రవి: చదివాం, మర్చిపోయాం. నేను ఈ వారం ఇంట్లో, ఆఫీసులో, మా అపార్ట్‌మెంటులో కనబడ్డవాళ్లందరినీ అడిగాను. రెండు పాదాలు అందరూ చెప్పారు. మూడోది ఒక్కరే, ఆవిడ డెబ్బై దాటిన మనిషి. అసలు వేమన నీలం గురించి చెప్పడానికా ఆ పద్యం ఎత్తుకున్నాడు? నీలమూ రాళ్లూ పోలిక. చెప్పదలచుకున్నది పద్యం గురించి. మంచి పద్యం ఒక్కటి చాలదా అని. మనం పోలికను దాచుకుని, అసలు మాటను పారేసుకున్నాం.

పద్మ: పారేసుకున్నం అనకు. ఆయన చెప్పిందే అయింది చూడు. ఒక్కటి చాలన్నడు, ఒక్కటి నిలిచింది. బ్రౌన్ దొర 1829ల వేమన పద్యాలు అచ్చు వేయించే దాకా అవి ఎట్ల బతికినయ్? తాటాకుల మీద కొన్ని ఉండొచ్చు, కని జనం నోట్లె ఎక్కువ బతికినయ్. నోరు ఎంత పడితే అంతే పడతది తమ్మీ.

రవి: పద్యం ఒక్కటి చాలన్నాడు గానీ అర పద్యం చాలనలేదు.

పద్మ: సరే సరే, రెండోది చెప్పు. ఇట్లైతే పదికి పొద్దుగూకుతది.

రవి: పోతన. "పలికెడిది భాగవతమట, పలికించెడివాడు రామభద్రుండట, నే పలికిన భవహరమగునట, పలికెద వేఱొండు గాథ బలుకగనేలా." కందం. ఇది పైకి చదవాలి, కళ్లతో చదివితే సగమే అందుతుంది. నాలుగు పాదాల్లోనూ "పలి" మళ్లీ మళ్లీ వచ్చి తగులుతుంది. ఆ "అట" చూడు. పలికెడిది భాగవతమ"ట", పలికించేవాడు రాముడ"ట". ఎవరో చెప్పగా విన్నట్టు చెబుతాడు తన పని గురించి. అంత పెద్ద పుస్తకం రాసే మనిషి, ఇది నేను చేస్తున్నాను అని గట్టిగా అనడు.

పద్మ: మా బమ్మెర పోతన! నేను నోరు తెరవను ఇగ. మూడోది చెప్తున్న, జాషువా. వినుకొండల పుట్టిండు, 1895ల. తన గురువులు ఇద్దరు అన్నడు. పేదరికం ఒకటి, కులమత భేదం ఒకటి. మొదటిది సహనం నేర్పిందట, రెండోది ఎదిరించే శక్తి పెంచిందట గాని బానిసను చెయ్యలేదట. నా కత్తి కవిత అన్నడు. ఆ కత్తికి సంఘం మీద ద్వేషం లేదు, సంఘం విధానం మీదనే ద్వేషం అన్నడు. నేను అక్కడ ఆగిపోత రవీ. గుడి గడప తొక్కనియ్యని కాలంల బతికిన మనిషి. 1941ల గబ్బిలం రాసిండు, శివుని దగ్గరికి కబురు గబ్బిలంతోని పంపిండు. ఎందుకు? గబ్బిలం గుళ్లెకు పోతది, ఆ మనిషి పోలేడు. అంత పడ్డోడు కూడ, ద్వేషం మనుషుల మీద కాదని ఇంత నిదానంగ తూచి చెప్పిండు.

రవి: ఊఁ.

పద్మ: నాలుగోది నీది.

రవి: నాలుగోది గురజాడ. ఇక్కడ నాకు టైమియ్యాలి నువ్వు.

పద్మ: ఇస్త. దేశమంటే మట్టి కాదోయ్, దేశమంటే మనుషులోయ్. మా బడి గోడ మీద ఉండె, నీలి అక్షరాలతోని.

రవి: అందరి బడి గోడ మీదా ఉంది. మా విజయనగరంలో అయితే ఆయన ఇల్లే ఉంది, పోలిక లేదు. వినక్కా. [బల్ల మీద దరువు] దేశ, మంటే, మట్టి, కాదోయ్. మాత్రలు, అంటే అక్షరం పలికే కాలం, లెక్కేస్తే మూడు, నాలుగు, మూడు, నాలుగు. ఇప్పుడు రెండోది. దేశ, మంటే, మనుషు, లోయ్... చూశావా? చివర్న రెండు మాత్రలు ఖాళీ. దరువు నడుస్తూనే ఉంటుంది, మాట ఆగిపోతుంది. "మనుషులోయ్" తర్వాత ఆ ఖాళీలో మనకి ఊపిరి పీల్చుకోవడానికి చోటిచ్చాడు.

పద్మ: మళ్లా దరువు మొదలువెట్టిండు.

రవి: దరువు లేకపోతే ఆ పాట లేదు. 1910లో రాశాడు. వందేళ్లు దాటి ఇంకా నడుస్తోందంటే సగం ఆ నడక వల్లే. కానీ మనం ఏం చేశాం? రెండు పాదాలు కత్తిరించి గోడకెక్కించాం. మొదటి మాటే "దేశమును ప్రేమించుమన్నా, మంచి అన్నది పెంచుమన్నా". వెంటనే "ఒట్టి మాటలు కట్టిపెట్టోయ్". తర్వాత "తిండి కలిగితె కండ కలదోయ్, కండ కలవాడేను మనిషోయ్". అంటే మనుషులోయ్ అని ఊరుకోలేదు. మనిషంటే ఎవడు? తిండి ఉన్నవాడు. "ఈసురోమని మనుషులుంటే దేశమేగతి బాగుపడునోయ్" అని అడిగాడు. మన ఇవాళ్టి విషయం కళ కదా, కళ అన్న మాట కూడా అందులోనే ఉంది. "జల్దుకొని కళలెల్ల నేర్చుకు దేశి సరుకులు నించవోయ్." అక్కడ కళంటే చేతిపని. సరుకు తయారుచేసే పని. నేతా, వడ్రంగమూ, కుమ్మరీ అన్నీ కళలే ఆయనకి.

పద్మ: మంచిగుంది. కని జనానికి రెండు పాదాలు వస్తే తప్పేంది?

రవి: తప్పేంటంటే, తిండి సంగతి రాలిపోయింది. చేతిపని రాలిపోయింది. పాట ఆఖర్న ఏముందో ఎవరికీ తెలీదు. వేమన పద్యంలో రాలిపోయింది పద్యం గురించిన పాదం. ఇక్కడా రాలిపోయింది కవిత్వం గురించిన చరణమే. మనవాళ్లు ఏ మాటను మోసుకెళ్లినా ముందు జారిపోయేది కవిత్వం గురించి కవి అన్న మాటే. అది నాకు బాధగా ఉంటుందక్కా. మొత్తం పాట రాకుండా ఆ రెండు పాదాలు...

పద్మ: అనొద్దంటవా?

రవి: అనొద్దని కాదు...

పద్మ: కాదు, చెప్పు. మొత్తం పాట రానోడు రెండు పాదాలు అనొద్దా? ఎవడికి వస్తది మొత్తం పాట? పుస్తకం కొన్నోనికి, చదువుకున్నోనికి. మా బాపు ఐదో తరగతి. బస్ కండక్టర్. డ్యూటీల టికెట్ల మధ్యన మాటలు ఏరుకునేటోడు. ఎవరో ప్యాసింజరు చదివింది, రేడియోల విన్నది, గోడ మీద చూసింది. ఇంటికొచ్చి పాత టికెట్ల వెనక రాసేటోడు, పెన్సిల్‌తోని. చిన్న చీటీ, ఒక్క ముక్కనే పడతది. ఎవరు రాసిన్రు, ఏ పుస్తకం, ఏ సంవత్సరం, ఏదీ ఉండదు. నువ్వు చెప్పే లెక్కల మా బాపు కవిత్వం చదివినట్టే కాదు.

రవి: అక్కా, నేనట్లా అనలేదు.

పద్మ: అనలేదు, అయినా అట్లనే తగుల్తది. కాళోజీ ఏమన్నడు? అక్షర రూపం దాల్చిన ఒక్క సిరా చుక్క లక్ష మెదళ్లకు కదలిక అన్నడు. ఒక్క చుక్క రవీ. సీసా అనలేదు.

[కొంచెంసేపు నిశ్శబ్దం]

రవి: ఈ మాట కూడా కవిత్వం గురించే. ఇది రాలిపోలేదు. నేను ఇందాక అన్నది సగం తప్పు.

పద్మ: సగం కాదు. సరే... నేను గట్టిగ మాట్లాడిన.

రవి: ఫరవాలేదు. ఆ చీటీలు ఉన్నాయా ఇంకా?

పద్మ: ఉన్నయ్, బిస్కెట్ డబ్బల. చానా మాసిపోయినయ్. నీకు చెప్పలే కదా ఇది. బాపు పోయినంక పదకొండో రోజు, డిపోల పనిచేసేటోళ్లు ఫ్లెక్సీ కట్టిన్రు మా గల్లీ మొదట్ల. బాపు ఫొటో, యూనిఫాం వేసుకున్నది. కింద "పుటక నీది, చావు నీది, బతుకంతా దేశానిది" అని రాసిన్రు. నాకు తెలుసు అది కాళోజీ ఎవరి మీద రాసిండో. జయప్రకాశ్ నారాయణ్ పోయినప్పుడు, 1979ల. దేశం కోసం జైళ్లకు పోయిన పెద్దమనిషి ఆయన. మా బాపు కండక్టర్. నాకు మొదలు సిగ్గనిపించింది. ఎంత పెద్ద మాట, ఎవరికి పెట్టిన్రు అని.

రవి: ఊఁ.

పద్మ: పొద్దుమీకి ఆ ఫ్లెక్సీ కాడ నిలవడ్డ. పక్కూరి ముసలామె ఒకామె వచ్చింది. ఆమెకు చదువు రాదు, నన్ను చదవమన్నది. చదివిన. "అవును బిడ్డా, పైసలు తక్కువున్న నాడు కూడ నన్ను బస్సు దింపలే" అన్నది. గంతే అన్నది, పోయింది. అప్పుడు నాకు ఆ మాట మా బాపుదే అనిపించింది. జయప్రకాశ్ నారాయణ్‌ది కాదని కాదు. ఆయనదీ, మా బాపుదీ. దేశమంటే ఆ ముసలామెనే గద రవీ?

రవి: దేశమంటే మనుషులోయ్.

పద్మ: నువ్వే అన్నవ్ ఇప్పుడు, రెండు పాదాలల్ల ఒక్కటే.

రవి: అన్నాను. [గొంతు సవరించుకుని] అన్నాను అక్కా. దరువు కూడా వెయ్యలేదు.

పద్మ: నీళ్లు తాగు.

రవి: తాగుతాను. కానీ ఒక్కటి. నువ్వు చెప్పిన ముసలామె కథ విన్నాక నాకు ఆ ఆఖరి చరణం ఇంకా కావాలనిపిస్తోంది. నువ్వు ఒప్పుకోకపోయినా ఫరవాలేదు, ఒక్కసారి వినాలి నువ్వు.

పద్మ: వింట. దానికి ముందు మిగిలినయ్ గబగబ చెప్పు, విన్నోళ్లు పది కావాలె అంటరు.

రవి: ఐదు, కృష్ణశాస్త్రి, "నవ్విపోదురు గాక నాకేటి సిగ్గు, నా ఇచ్చయేగాక నాకేటి వెరపు". ఆరు, శ్రీశ్రీ, కుక్కపిల్ల, అగ్గిపుల్ల, సబ్బుబిళ్ల. ఏడు, తిలక్, వెన్నెల్లో ఆడుకునే ఆడపిల్లలు ఆయన అక్షరాలు. ఎనిమిది కాళోజీ, నువ్వు చెప్పేశావు.

పద్మ: రెండు చెప్పిన, ఎనిమిది తొమ్మిది రాసుకో. కుక్కపిల్ల మీద నాకు చానా ఉన్నది, కని ఇయ్యాల వద్దు. దేన్నీ హీనంగ చూడకు అన్న ముక్క మా బాపు చీటీల ఉన్నది, అంతవరకు చెప్త. వదిన పంపింది దాశరథిది, కోటి రతనాల వీణ. అది వదిన వచ్చినప్పుడే చెప్పుకుందం. ఆమెనే పాడుతది.

రవి: వదిన పాడితే నేను దరువు వేస్తాను.

పద్మ: వద్దు. ఆ చరణం చెప్పు.

రవి: ఆఖరికొచ్చేసరికి దేశాన్ని చెట్టు చేశాడు. "దేశమనియెడు దొడ్డవృక్షం ప్రేమలను పూలెత్తవలెనోయ్, నరుల చెమటను తడిసి మూలం ధనం పంటలు పండవలెనోయ్." చెట్టు వేళ్లు తడవాలి. దేనితో? వానతో అనలేదు, మనుషుల చెమటతో అన్నాడు. ఇప్పుడు కవి ఎక్కడున్నాడో చూడు. "ఆకులందున అణగి మణగీ కవిత కోవిల పలకవలెనోయ్." ఆ చెట్టు మీదే, చెమటతో తడిసిన ఆ చెట్టు ఆకుల్లోనే, కనబడకుండా ఉంది కోయిల. గొంతు వినబడుతుంది, పిట్ట కనబడదు.

పద్మ: మల్ల చెప్పు ఒకసారి.

రవి: ఆకులందున అణగి మణగీ కవిత కోవిల పలకవలెనోయ్.

పద్మ: అణగి మణగి... పేరు లేకుండ. ఎవరు రాసిన్రో తెల్వకుండ.

రవి: నీ చీటీల్లో లాగా.

పద్మ: నేను అనేది అదే గద తమ్మీ పొద్దటి నుంచి!

రవి: కానీ అది తెలియాలంటే ఆఖరి చరణం దాకా రావాలి కదా. నేననేదీ అదే.

పద్మ: ఇంకా ఉన్నదా దాని తర్వాత?

రవి: రెండు పాదాలు. "పలుకులను విని దేశమందభి..." ఇక్కడ పాదం అయిపోతుంది, మాట అయిపోదు. అభిమానం అన్న మాట మధ్యకి విరిగి కింద పాదంలోకి పోతుంది. దరువుతో చెబితేనే తెలుస్తుంది, ఒక్కసారి వెయ్యనీ.

పద్మ: వెయ్యి. ఇయ్యాల్టికి వెయ్యి. నేను కూడ వేస్త. మూడు, నాలుగేనా?

రవి: మూడు, నాలుగు. గట్టిగా కాదు, మెల్లగా. [ఇద్దరి దరువు] పలుకు, లను విని, దేశ, మందభి, మాన, ములు మొల... అక్కా, నువ్వు ముందెళ్లిపోయావు.

పద్మ: "మొల" కాడ తప్పిన. మొదటి నుంచి పట్టు.

రవి: పలుకు, లను విని...

[బోరు మోటారు చప్పుడు]

పద్మ: ఏడైందా అప్పుడే?

రవి: ఆపకు, దరువు ఆపకు. దేశ, మందభి...