మానిటర్లు మార్చే ముందు టేపు పట్టండి

హలో అండీ. ఇంట్లో చేసిన పాట మిక్స్‌ని కారులో పెడితే మగ గొంతు గుమ్మని మోగుతోందా? కొత్త మానిటర్లకి (మిక్స్ చేసేటప్పుడు వినే స్టూడియో స్పీకర్లకి) డబ్బు పెట్టే ముందు ఒక్క కొలత తీసుకోండి. స్పీకర్ కోన్ ముఖం నుంచి మానిటర్ వెనకున్న గోడ దాకా ఎంతుంది? డబ్బా వెనక వైపు నుంచి కాదండోయ్, ముఖం నుంచే.

ఆ దూరాన్ని మీటర్లలో రాసుకుని, 86ని దాంతో భాగించండి. రెండడుగులంటే 0.6 మీటర్లు, అంటే 143 హెర్ట్జ్. బేస్ అన్ని వైపులకీ పోతుంది కదా. వెనక్కి పోయింది గోడకి తగిలి తిరిగొచ్చేసరికి సగం తరంగం వెనకబడుతుంది, ముందుకొచ్చేదాన్ని కొట్టేస్తుంది. ఏ ఫ్రీక్వెన్సీ ఎంత గట్టిగా వినబడుతోందో చూపే గ్రాఫ్‌లో అక్కడ గుంట పడుతుంది. మగ గొంతు అడుగు ఉండేదీ ఆ చుట్టుపక్కలే. సరిగ్గా వినబడక మీరు పెంచేస్తారు. కారులో ఆ గుంట ఉండదు, పెంచిందంతా బయటపడుతుంది.

ఈక్యూతో, అంటే ఒక్కో ఫ్రీక్వెన్సీని పెంచి తగ్గించే సాధనంతో, నింపుదామంటే కుదరదు. మీరు 9 డీబీ పెంచితే గోడ నుంచి వచ్చేదీ అంతే పెరుగుతుంది. గుంట గుంటలాగే ఉంటుంది, యాంప్ మాత్రం ఎనిమిది రెట్లు పవర్ ఇవ్వాలి. ఈక్యూ పనికొచ్చేది గ్రాఫ్‌లో పైకి లేచిన గుట్టల్ని కోయడానికి, అదీ 300 హెర్ట్జ్ లోపు.

మరేం చేయాలి? మానిటర్‌ని గోడ వైపు జరపండి. యమహా హెచ్‌ఎస్‌5 లోతు 22 సెంటీమీటర్లు. గోడకి నాలుగంగుళాల రాక్‌వూల్ (శబ్దం పీల్చే రాతి ఉన్ని) ప్యానెల్, డబ్బా వెనకున్న పోర్ట్‌కి (గాలి రంధ్రానికి) రెండంగుళాల ఖాళీ. అన్నీ కలిపి ముఖం నుంచి గోడకి 37 సెంటీమీటర్లు, గుంట 230 దగ్గరికి ఎక్కుతుంది. అక్కడ రాక్‌వూల్ బాగా పీలుస్తుంది, 143 దగ్గర అంత చేతకాదు. గోడ దగ్గరైతే బేస్ ఉబ్బుతుంది కాబట్టి వెనకున్న రూమ్ కంట్రోల్‌ని మైనస్ 2కి పెట్టండి, చాలకపోతే మైనస్ 4. అంగుళం ఫోమ్, గుడ్ల అట్టలు బేస్‌ని ఏమీ చేయవు, వాటికి డబ్బు దండగ.

10×12 అడుగుల గదిలో పదడుగుల గోడకి ఎదురుగా, దాని నుంచి నాలుగున్నర అడుగుల్లో మీ తల ఉండాలి. నట్టనడుమ, ఆరడుగుల దగ్గర కూర్చుంటే 47 హెర్ట్జ్ దాదాపు మాయమవుతుంది. రెండు ట్వీటర్ల (మానిటర్లలో సన్నని శబ్దాలిచ్చే చిన్న స్పీకర్ల) మధ్యా, ట్వీటర్ నుంచి తలకీ ఒకటే దూరం, ఈ లెక్కన మూడుముప్పావు అడుగులు. ట్వీటర్ చెవి ఎత్తులో ఉండాలి. పక్క గోడ మీద అద్దం జరుపుతూ పోండి, కుర్చీలోంచి ట్వీటర్ కనబడిన చోట ఇంకో ప్యానెల్.

తర్వాత కొలత. గదిలో శబ్దాన్ని కొలిచే సాఫ్ట్‌వేర్ ఆర్‌ఈడబ్ల్యూ ఉచితమే. యుమిక్-1 అనే కొలత మైక్ చెవుల చోట పెట్టి, దాని కాలిబ్రేషన్ ఫైల్ (మైక్ తేడాల్ని సరిదిద్దేది) లోడ్ చేయండి. ఫ్యాన్, ఏసీ ఆపండి. ఒక్కో మానిటర్‌కి విడిగా స్వీప్ (కింది నుంచి పైదాకా సాగే టోన్‌తో కొలత) తీసి, తర్వాత రెండూ కలిపి తీయండి. స్మూతింగ్ (గ్రాఫ్ గీతని నున్నగా చేసే సెట్టింగ్) 1/3లో పెడితే గుంటలు దాక్కుంటాయి, బేస్ చూడాలంటే 1/24. గుంట ఇంకా లోతుగా ఉంటే మానిటర్లని రెండేసి అంగుళాలు జరిపి మళ్లీ తీయండి.