క్రిస్టల్ రేడియోకు ఏ హెడ్‌ఫోన్? మల్టీమీటర్‌నే అడుగుదాం

విజయవాడ నుంచి నమస్కారమండీ. బ్యాటరీ లేకుండా, ఏరియల్ పట్టిన శక్తితోనే పాడే క్రిస్టల్ రేడియోకు ఏ హెడ్‌ఫోన్ సరిపోతుందో చూద్దాం. ముందే చెబుతున్నాను, నా చేతిలో ఉన్న ఈ పాతకాలపు హెడ్‌ఫోన్‌ను అమ్మే ఆయన ఉచితంగా పంపారు.

అసలు నా కోపమంతా వేరే సరుకు మీద. ఇంతకుముందు క్రిస్టల్ ఇయర్‌ఫోన్ అని ఆన్‌లైన్‌లో తెప్పిస్తే, వచ్చింది 8 ఓమ్‌ల (ఓమ్ అంటే కరెంటుకు తగిలే అడ్డుకు కొలత) అయస్కాంతపు ఇయర్‌ఫోన్! చూడటానికి రెండూ కవలలే. అందుకని డబ్బా విప్పగానే మల్టీమీటర్‌ను ఓమ్‌లలో పెట్టి రెండు కొసలకూ ఆనించండి. ఏడో ఎనిమిదో చూపిస్తే తిప్పి పంపేయండి. అసలైనదైతే తెగిపోయిన తీగకు చూపినట్టే చూపిస్తుంది, ఎందుకంటే లోపల ఉన్నది తీగచుట్ట కాదు, సిరామిక్ బిళ్ళ. ఆ బిళ్ళ కెపాసిటర్‌లా పనిచేస్తుంది, అంటే ఒకే దిశలో పోయే కరెంటును దాటనివ్వదు కాబట్టి దానికి సమాంతరంగా 47 కిలోఓమ్‌ల రెసిస్టర్ వేయాలి. వేయకపోతే డయోడ్ (రేడియోలో కరెంటును ఒకవైపే పోనిచ్చే భాగం) దాటి వచ్చిన కరెంటుకు దారి ఉండదు, మాట నలిగిపోతుంది. కారుచౌకగా దొరికే ఆ రెసిస్టర్ ముక్కను ఇయర్‌ఫోన్‌తో కలిపి ఇస్తే వీళ్ళ సొమ్మేం పోతుంది?

ఇంకా పాతవాటిలో సిరామిక్ బిళ్ళకు బదులు రోషెల్ లవణం అనే స్ఫటికం వాడేవారు. దానికి వేడీ పడదు, తేమా పడదు. బెజవాడలో ఇక ఎన్నాళ్ళు బతుకుతుంది చెప్పండి!

మరి ఫోనుకు వాడే 32 ఓమ్‌ల హెడ్‌ఫోన్ పెట్టకూడదా? బ్యాటరీ లేని రేడియో కదా, ఏరియల్ పట్టిన కాస్త శక్తితోనే శబ్దం రావాలి. అంత తక్కువ అడ్డు ఉన్న 32 ఓమ్‌లు తగిలిస్తే సర్క్యూట్ భారం మోయలేక మూగబోతుంది, స్టేషన్లు ఒకదాని మీద ఒకటి పడతాయి. పాత ఎలిమినేటర్ (బ్యాటరీకి బదులు గోడ కరెంటు వాడుకునే పెట్టె)లోని 230–6 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్‌ను విడిగా తీసి, 230 వైపు రేడియోకు, 6 వైపు హెడ్‌ఫోన్‌కు కలిపితే ఆ 32 కాస్తా రేడియోకు సుమారు 47 వేల ఓమ్‌లుగా కనిపిస్తుంది. కొంత శక్తి దానిలోనే పోతుంది, అయినా పని జరుగుతుంది. గోడ ప్లగ్గు దగ్గరికి మాత్రం తీసుకెళ్ళకండి.

ఇక ఈ ఉచిత సరుకు. చెవికి 2,000 ఓమ్‌లు, రెండూ సిరీస్‌లో కలిపి 4,000. రెసిస్టర్ అక్కర్లేదు, ట్రాన్స్‌ఫార్మర్ అక్కర్లేదు. మీటరు ఆనించగానే చెవిలో టక్కుమంది, ఆ ఒక్క చప్పుడుకే నేను పడిపోయాను. డాబా మీద ఏరియల్ కట్టి, ఎర్త్ ఇచ్చి, 837 కిలోహెర్ట్జ్‌కు తిప్పితే మన విజయవాడ ఆకాశవాణి రెండు చెవులా వినిపించింది. ఇనుప పట్టీ కణతలు నొక్కేస్తుంది, మే నెలలో చెమటకు చెవులు నానిపోతాయి. అయినా సరే, పంపినాయన వెనక్కి అడిగితే డబ్బు కడతాను కానీ ఇది ఇవ్వను.