పాట ఆగిపోయే ముందు ఒక నోటీసు వస్తుంది

హోస్ట్: అందరికీ నమస్కారం. ఈ ఎపిసోడ్‌లో లైవ్ మ్యూజిక్ గురించి మాట్లాడుకుందాం. ఏ పాట బాగుంది, ఏ బ్యాండ్ గొప్పది అని కాదు. ఆ పాట వినిపించే చోటు, దాని చుట్టూ ఉండే ఇళ్లు, ఆ రెండింటి మధ్య ఏం జరుగుతోందో మనకు చెప్పాల్సిన వార్తలు, ఇదీ విషయం. నాతో ఉన్న తమ్ముడు నగరంలో ఉద్యోగం చేసుకుంటూ, తీరిక దొరికితే చిన్న హాళ్లలో బ్యాండ్లు వినడానికి వెళ్తుంటాడు. అలాంటి హాలు ఉన్న వీధిలోనే ఉంటాడు కూడా. ముందు ఇది చెప్పు, చిన్న హాలే ఎందుకు? పెద్ద స్టేడియం షోలు ఉన్నాయిగా.

అతిథి: అక్కా, స్టేడియంలో నేను చూసేది ఎక్కువసేపు స్క్రీనే. రెండు వందల మంది పట్టే హాల్లో అయితే డ్రమ్మర్ కర్ర పైకి లేవడం కనిపిస్తుంది, దెబ్బ ఛాతీకి తగులుతుంది. పాట మధ్యలో బేస్ వాయించే అమ్మాయి గిటార్ అబ్బాయి వైపు చూసి కనుబొమ్మ ఎగరేస్తుంది. అంతే, ముగించాల్సిన పాటను ఇంకో రెండు చుట్లు తిప్పుతారు. అది ముందే అనుకున్నది కాదు, అప్పటికప్పుడు పుట్టింది. దానికోసమే వెళ్తాను నేను.

ఇంకో మాట. స్టేడియం నింపే బ్యాండ్ కూడా ఎక్కడో ఒక ఇరుకు గదిలో నేర్చుకునే వస్తుంది. బీటిల్స్ లివర్‌పూల్‌లో కావెర్న్ క్లబ్ అనే నేలమాళిగలో 1961 నుంచి 1963 దాకా దాదాపు మూడు వందల సార్లు వాయించారు. ఆ క్లబ్ ఏమైందో తెలుసా? 1973లో మూసేశారు. భూగర్భ రైలు పనుల్లో గాలి కోసం ఒక షాఫ్ట్ అక్కడ కావాలన్నారు. నేలమాళిగను పూడ్చేశారు. ఆ షాఫ్ట్ మాత్రం అక్కడ కట్టనే లేదు.

హోస్ట్: అయ్యో. కట్టనే లేదా?

అతిథి: కట్టలేదు. 1984లో అదే స్థలంలో, పాత ఇటుకల్లో కొన్నింటిని వాడి మళ్లీ కట్టారు. జనం ఇప్పుడు చూసేది దాన్నే.

హోస్ట్: మామూలుగా ఒక హాలు మూతపడితే, జనం రావట్లేదేమో, నష్టాల్లో ఉందేమో అనుకుంటాం.

అతిథి: అదే నాకు బాధ కలిగించే విషయం. నిండిన హాళ్లు కూడా మూతపడుతున్నాయి. లండన్‌లో 2015లో మేయర్ వేసిన టాస్క్‌ఫోర్స్ లెక్కపెట్టింది. 2007లో కొత్త బ్యాండ్లకు అవకాశమిచ్చే చిన్న హాళ్లు 136 ఉంటే, 2015కి 88 మిగిలాయి. ఎనిమిదేళ్లలో మూడో వంతుకు పైగా పోయాయి. అద్దెలు, పన్నులు పెరగడం, పక్కన కొత్త అపార్ట్‌మెంట్లు రావడం, శబ్దం మీద కంప్లయింట్లు, లైసెన్సు షరతులు, కారణాలన్నీ ఇలాంటివే. వీటిలో ఏదీ ఒక్క రాత్రిలో జరిగేది కాదు. ప్రతిదానికీ ముందు ఎక్కడో ఒక కాగితం కదులుతుంది. గోడ మీద నోటీసో, మీటింగ్ అజెండాలో ఒక లైనో ఉంటుంది. దాన్ని చదివినవాళ్లు ఉండరు. ఆఖరి షో పోస్టర్ వచ్చినప్పుడు మాత్రం అందరం ఏడుస్తాం.

హోస్ట్: ఆ కాగితం దగ్గరికి మళ్లీ వద్దాం. ముందు నేను పక్కింటివాళ్ల తరఫున అడుగుతాను. ఇంట్లో పసిబిడ్డ ఉంది, పొద్దున్నే డ్యూటీకి వెళ్లాలి, రాత్రి పదకొండింటికి గోడ దడదడలాడుతోంది. ఆ మనిషి కంప్లయింట్ ఇస్తే తప్పేముంది?

అతిథి: ఏం తప్పు లేదు. నిద్ర లేని మనిషికి కోపం రావడం న్యాయమే. మ్యూజిక్ ఇష్టపడేవాళ్లం "వాళ్లకు కళ తెలీదు" అని తీసిపారేస్తాం చూడు, అది నాకు అస్సలు నచ్చదు. ఆ ఇంట్లో వినిపించేది పాట కాదక్కా. పాట హాల్లోనే ఉండిపోతుంది. గొంతు, గిటార్, తాళాలు, ఈ పైస్థాయి శబ్దాలను గోడ చాలావరకు ఆపేస్తుంది. బేస్‌ను, అంటే లోతైన శబ్దాన్ని, ఆపలేదు. 50 హెర్ట్జ్ శబ్దం తీసుకో, దాని తరంగం పొడవు దాదాపు 7 మీటర్లు. మామూలు ఇటుక గోడకి, ఒంటి అద్దం కిటికీకి అది లొంగదు. అందుకే పక్కింటికి చేరేది రాగం లేని, మాట లేని ఒట్టి దబదబ మాత్రమే. అదే మనల్ని వినమంటే మనం మాత్రం ఎంతసేపు ఓర్చుకుంటాం?

హోస్ట్: మరి అధికారులు మీటర్ పెట్టి కొలుస్తారు కదా?

అతిథి: కొలుస్తారు. గొడవ అక్కడే ముదురుతుంది. డెసిబెల్ కొలతలో "ఏ" వెయిటింగ్ అని ఉంటుంది, అంటే ఏ రకం శబ్దాన్ని ఎంతగా లెక్కలోకి తీసుకోవాలో చెప్పే పద్ధతి. మన చెవి బేస్ లాంటి లోతైన శబ్దాలను తక్కువగా వింటుంది కాబట్టి మీటర్ కూడా బేస్‌ను తగ్గించి లెక్కేస్తుంది. దాంతో అంకె చూస్తే పరిమితిలోనే ఉంటుంది, మంచం మీద పడుకున్న మనిషికి మాత్రం కిటికీ అద్దం వణుకుతూ ఉంటుంది. హాలు యజమాని కాగితం చూపిస్తాడు, పక్కింటాయన తన కళ్ల కింద నలుపు చూపిస్తాడు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. బేస్‌ను కూడా సరిగ్గా లెక్కేసే "సీ" వెయిటింగ్ ఉంది. ఇలాంటి తగాదాల్లో అది కూడా తీసి చూడాలి.

హోస్ట్: మీ వీధిలో ఇలాంటి గొడవ ఏమైనా జరిగిందా?

అతిథి: జరిగింది. హాలు వెనక బిల్డింగ్‌లో మూడో అంతస్తులో ఒక పెద్దావిడ ఉంటారు. కంప్లయింట్ రాసి పెట్టుకున్నారు, ఇంకా ఇవ్వలేదు. ఆ సంగతి తెలిసి హాల్లో సౌండ్ చూసే అన్న ఆమె ఇంటికెళ్లాడు. షో రోజు కాదు, సౌండ్‌చెక్ సమయంలో. ఆమె పడగ్గదిలో నిలబడి, కింద మిక్సర్ దగ్గరున్న కుర్రాడితో ఫోన్‌లో మాట్లాడుతూ "బేస్ ఒక్కటే వేయి, ఇంకా, ఇంకొంచెం" అంటూ పెంచించాడు. ఒకచోట అల్మరా తలుపు గిలగిలా కొట్టుకుంది. "ఆగు, ఇదే" అన్నాడు. ఆవిడ కూడా "అవును బాబూ, రాత్రంతా ఇదే" అన్నారు. ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర ఆ గది మోగుతోందో అలా దొరికింది. ఒక్కో ఫ్రీక్వెన్సీని విడిగా పెంచి తగ్గించే ఈక్వలైజర్‌లో దాన్ని తగ్గించారు. బేస్ వినిపించే పెద్ద స్పీకర్లను, అంటే సబ్‌వూఫర్లను, వెనక గోడ నుంచి జరిపి, కింద మందపాటి రబ్బరు వేశారు. వెనక తలుపుకి లోపల ఇంకో తలుపు కట్టారు, ఒకటి మూశాకే రెండోది తెరవాలని రూలు పెట్టారు. పూర్తిగా పోలేదు, తగ్గింది. ఆ కంప్లయింట్ మాత్రం వెళ్లలేదు.

హోస్ట్: అంత ఓపిక అందరికీ ఉండదు కదా. పైగా హాలు ముప్పై ఏళ్ల నుంచి ఉంది, అపార్ట్‌మెంట్ నిన్న కట్టారు అనుకో. అప్పుడు ఖర్చు ఎవరు పెట్టుకోవాలి?

అతిథి: ఈ ప్రశ్నకి మెల్‌బోర్న్ మంచి జవాబు చెప్పింది. 2010 జనవరిలో అక్కడ టోట్ అనే పాత రాక్ హాలు మూతపడింది. లైవ్ మ్యూజిక్ ఉన్న చోటంటేనే ప్రమాదం ఎక్కువని లెక్కేసి, సెక్యూరిటీ షరతులు పెట్టారు. చిన్న హాలు ఆ ఖర్చు మోయలేకపోయింది. ఫిబ్రవరిలో వేల మంది వీధుల్లోకి వచ్చి ఊరేగింపుగా పార్లమెంటు దాకా నడిచారు. టోట్ ఆ ఏడాదే మళ్లీ తెరుచుకుంది. ఊరేగింపు నుంచి పుట్టిన ఒత్తిడి అక్కడితో ఆగలేదు. 2014లో మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియా రాష్ట్రం "ఏజెంట్ ఆఫ్ చేంజ్" అనే నియమం తెచ్చింది. ఉన్న పరిస్థితిని ఎవరు మారుస్తున్నారో, శబ్దాన్ని ఆపే ఏర్పాటు వాళ్లే చేయాలి. హాలు పక్కన కొత్తగా ఇళ్లు కడితే మంచి అద్దాలు, మందపాటి గోడలు బిల్డర్ ఖర్చు. ఇళ్ల పక్కన కొత్త హాలు వస్తే హాలు ఖర్చు. 2018లో ఇంగ్లండ్ ప్లానింగ్ విధానంలోకి, 2021లో లండన్ ప్లాన్‌లోకి కూడా ఇది వచ్చింది. జర్మనీ పార్లమెంటు 2021లో ఇంకో దారి పట్టింది. మ్యూజిక్ క్లబ్బులను జూదశాలల లెక్కలో కాకుండా సాంస్కృతిక కేంద్రాలుగా చూడాలని తీర్మానం చేసింది.

హోస్ట్: ఇక్కడ నాకొక సందేహం. అద్దెకొచ్చినవాళ్లకి ఈ చరిత్రంతా తెలియదు. "హాలు ముందుంది, నువ్వు తర్వాత వచ్చావు, నోర్మూసుకో" అన్నట్టు అవ్వదా?

అతిథి: అవ్వకూడదు. భారం బిల్డర్ మీద ఉంటుంది, అద్దెకొచ్చినవాళ్ల మీద కాదు. నాకు ఈ నియమం నచ్చడానికి కారణమే అది. అయితే దీనికీ హద్దుంది. స్థలం యజమాని అమ్మేస్తానంటే ఏ శబ్ద నియమమూ ఆపలేదు. ఆ టోటే 2023లో అమ్మకానికి వచ్చింది. దాన్ని కాపాడాలని ఇంకో మ్యూజిక్ బార్ నడిపేవాళ్లు ముందుకొస్తే, అభిమానులు 30 లక్షల ఆస్ట్రేలియా డాలర్లు పోగేశారు. అదే ఏడాది బ్రిటన్‌లో చిన్న హాళ్లను కాపాడే సంస్థ మ్యూజిక్ వెన్యూ ట్రస్ట్ వాళ్లు జనం దగ్గర పెట్టుబడి సేకరించి హాళ్లు కొనడం మొదలుపెట్టారు. ఒక చిన్న ఊళ్లోని స్నగ్ అనే హాలుతో మొదలైంది. చోటు మన చేతిలో ఉంటే తప్ప భరోసా లేదని వాళ్లకి అర్థమైంది.

హోస్ట్: సరే, ఇప్పుడు వార్తల దగ్గరికి వద్దాం. నువ్వు ఫోన్‌లో పంపిన వాషింగ్టన్ కథ మన వినేవాళ్లకు చెప్పు.

అతిథి: వాషింగ్టన్ డీసీలో షా అనే పేట ఉంది. అక్కడ ఒక మూల మీద మొబైల్ ఫోన్ల షాపు. ఏళ్ల తరబడి దాని బయట స్పీకర్లలో గో-గో మ్యూజిక్ మోగేది. గో-గో ఆ నగరంలోనే, 1970లలో పుట్టిన సంగీతం. చక్ బ్రౌన్‌ను దానికి గాడ్‌ఫాదర్ అంటారు. ఒక పాట అయిపోయినా డ్రమ్ములు ఆగవు, అదే ఊపులో ఇంకో పాటలోకి వెళ్లిపోతారు. 2019లో దగ్గర్లోని కొత్త అపార్ట్‌మెంట్ నుంచి కంప్లయింట్ రావడంతో మ్యూజిక్ ఆపించారు. ఒక విద్యార్థిని ట్విటర్‌లో "డోంట్ మ్యూట్ డీసీ", అంటే డీసీ నోరు నొక్కొద్దు అని హ్యాష్‌ట్యాగ్ పెట్టింది. వినతిపత్రం మీద వేలల్లో సంతకాలు వచ్చాయి, బ్యాండ్లు రోడ్ల మీదే వాయించాయి. కొద్దిరోజుల్లోనే స్పీకర్లు మళ్లీ మోగాయి. 2020 ఫిబ్రవరిలో గో-గోను నగర అధికారిక సంగీతంగా గుర్తిస్తూ మేయర్ చట్టం మీద సంతకం పెట్టారు.

హోస్ట్: అయితే సోషల్ మీడియా ఉంటే చాలన్నమాట?

అతిథి: అక్కడ చాలింది. అన్నిచోట్లా చాలదు. ఆ మ్యూజిక్ ఆగిపోవడం అందరికీ వినిపించింది కాబట్టి జనం కదిలారు. జోన్ మార్పు, అంటే ఏ స్థలంలో ఏం కట్టొచ్చో చెప్పే నియమం మారడం, వినిపించదు కదా? లైసెన్సు షరతులో ఒక పదం మారితే ఎవరి ఫోనూ మోగదు. మీటింగ్‌లో కూర్చుని, పక్కవాడిని అడిగి, రాసుకుని వచ్చే రిపోర్టర్ కావాలి. ఆ మనుషులే తగ్గిపోతున్నారు. అమెరికాలో 2005 నుంచి ఇప్పటికి మూడో వంతుకు పైగా వార్తాపత్రికలు మూతపడ్డాయి. న్యూయార్క్‌లో విలేజ్ వాయిస్ 1955లో మొదలైంది. ఈ వారం ఏ హాల్లో ఎవరు వాయిస్తున్నారో, ఏ ఇంటి యజమాని అద్దెదారుల్ని ఏడిపిస్తున్నాడో ఒకే పత్రికలో ఉండేవి. గిగ్ కోసం, అంటే షో కోసం, పేజీలు తిప్పినవాడి కంట ఆ రెండో వార్త కూడా పడేది. 2017లో దాని అచ్చు ప్రతి ఆగింది. ఇప్పుడు నా ఫోన్ నాకు గిగ్గులు మాత్రమే చూపిస్తుంది. మా వీధి సంగతి చూపించదు.

హోస్ట్: వీధి వాట్సాప్ గ్రూప్ ఉంటుందిగా?

అతిథి: ఉంటుంది, పనికొస్తుంది కూడా. కానీ "హాలు అమ్మేశారట" అని ఒకరు, "లేదు, సీల్ వేశారట" అని ఇంకొకరు. ఈ "అట" వార్త కాదక్కా. అందుకే నేను ఒక పని చేస్తున్నాను. మా ప్రాంతం మీటింగ్ అజెండా ముందే పెడతారు. లైసెన్సులు, నిర్మాణ అనుమతులు, రోడ్డు మూసివేతలు, మా నాలుగు వీధులకు సంబంధించినవి మాత్రం చదివి, మామూలు భాషలో రాసి గ్రూప్‌లో పెడతాను. అసలు కాగితం ఫొటో తప్పకుండా జత చేస్తాను. నాకు అర్థం కానిది ఆఫీసుకి ఫోన్ చేసి అడిగాకే రాస్తాను. మొదట్లో ఎవరూ పట్టించుకోలేదు. చెత్తబండి వేళలు మారతాయని రాసినప్పటి నుంచి అందరూ చదువుతున్నారు. ఇప్పుడు హాలు గురించి రాసినా చదువుతారు.

హోస్ట్: ఇంకో చిన్న సంగతి, చెవుల గురించి. నువ్వు ఇయర్‌ప్లగ్స్ పెట్టుకుంటావా?

అతిథి: ప్రతి షోకీ. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో వేదికలకు ప్రమాణాలు ఇచ్చింది. పావుగంట సగటు 100 డెసిబెల్స్ దాటొద్దు, ఎంత ఉందో కనిపించేలా కొలుస్తూ ఉండాలి, ఇయర్‌ప్లగ్స్ ఇవ్వాలి, చెవులకు విశ్రాంతినిచ్చే ప్రశాంతమైన చోటు ఉండాలి. సౌండ్ తగ్గిస్తే మజా పోతుందంటారు, నేను ఒప్పుకోను. బాగా మిక్స్ చేసిన షోకి అంత గోల అక్కర్లేదు. పక్కింటి ఆవిడకీ మేలు, డ్రమ్మర్ చెవికీ మేలు.

హోస్ట్: ఆఖరి ప్రశ్న. వినేవాళ్లలో ఒకరు రేపు మ్యూజిక్ హాలు పక్కన ఇల్లు చూడ్డానికి వెళ్తున్నారు. ఏం చేయమంటావు?

అతిథి: పగలు చూసి ఒప్పుకోవద్దు. షో ఉన్న రాత్రి వెళ్లండి. పడగ్గదిలో కిటికీలు మూసి, ఫోన్ పక్కన పెట్టి కాసేపు పడుకుని చూడండి. అద్దం ఒంటిదా, రెండు పొరలదా అడగండి. తర్వాత కిందికెళ్లి హాలువాళ్లతో మాట్లాడి, షో నడిచేటప్పుడు ఎవరికి ఫోన్ చేయాలో నంబర్ తీసుకోండి.

హోస్ట్: ఇస్తారంటావా?

అతిథి: ఇస్తారక్కా. మా వీధి హాలువాళ్లు గేటు మీదే రాసి పెట్టారు. ఆ పెద్దావిడ ఒకసారి ఫోన్ చేస్తే రెండో పాటకల్లా బేస్ తగ్గింది.