రోడ్డు పక్కన కారుకిచ్చే జాగా ఖర్చు ఎవరిది? – వరంగల్ స్టూడియో చర్చ

నిర్వాహకురాలు: కారు కొన్నవారు జీవితకాల పన్ను కడతారు, పెట్రోలు పోయించుకున్న ప్రతిసారీ పన్ను కడతారు. అయినా కారు ఖర్చులో కొంత కారు లేనివారు భరిస్తున్నారని మీరంటున్నారు. ఎలా సార్?

అర్థశాస్త్ర అధ్యాపకుడు: ముందు నేల సంగతి చూద్దాం. ఒక కారు రోడ్డు పక్కన ఆగితే సుమారు 12 చదరపు మీటర్లు పోతుంది. హన్మకొండ చౌరస్తా దగ్గర అంత జాగాలో దుకాణం పెట్టుకోవాలంటే అద్దె ఎంతో వ్యాపారులకు తెలుసు. అదే జాగాను కారుకిచ్చినప్పుడు మాత్రం మనం చాలాచోట్ల ఏమీ అడగం. పార్కింగ్ రుసుము ఆక్రమించిన నేల విలువకు తగ్గట్టు ఉండాలని 2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానమే చెప్పింది.

బట్టల వ్యాపారి: రుసుము పెడితే మా గిరాకీ మాల్‌కు పోతుంది సార్.

విశ్రాంత మున్సిపల్ ఇంజనీరు: మీ భయం నాకు అర్థమైంది. కానీ పొద్దున పెట్టి రాత్రి తీసే కార్లే ఆ జాగానంతా పట్టుకుంటే, మీ దుకాణానికి వచ్చినవారు ఎక్కడ ఆపాలి? రుసుము ఉంటే కార్లు తొందరగా కదులుతాయి, కొత్తవారికి చోటు దొరుకుతుంది. ఇంకో మాట. 2020 ఆగస్టు వానలకు హన్మకొండ కాలనీలు మునిగాయి; అందుకు నాలాల ఆక్రమణ పెద్ద కారణం, నెపం కార్ల మీద వేయను. అయితే బండ్లు నిలపడానికి సిమెంటు చేసిన ప్రతి ఆవరణా నీటిని ఇంకనివ్వకుండా కాలువలోకి తోస్తుంది, ఆ కాలువలను వెడల్పు చేసే ఖర్చు బస్సులో తిరిగేవారి పన్నుల్లోంచి కూడా వస్తుంది.

నిర్వాహకురాలు: ప్రమాదాల ఖర్చు మాటేమిటి?

అధ్యాపకుడు: 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాలు 1,68,491 మందిని బలిగొన్నాయి. అందులో అన్ని రకాల వాహనాలూ ఉన్నాయి. గాయపడినవారిని చేర్చుకునే ఎంజీఎం లాంటి ఆసుపత్రులు ప్రజాధనంతోనే నడుస్తాయి. ఫుట్‌పాత్ మీద కారు ఆపితే నడిచేవారు రోడ్డు మీదికి దిగాల్సిందే. ఆ ముప్పును ఏ పన్ను లెక్కలోనూ చూపరు, నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది అదే.

నిర్వాహకురాలు: మరి మొదట ఏం చేయాలి?

ఇంజనీరు: సింగపూర్ 1975లో, లండన్ 2003లో నగర కేంద్రంలోకి వచ్చే కార్లకు రుసుము పెట్టాయి. మనం అంత దూరం పోనక్కరలేదు. ఒక్క వీధిలో పార్కింగ్ రుసుము వసూలు చేసి, ఆ డబ్బును ఆ వీధి ఫుట్‌పాత్‌కూ బస్‌స్టాప్‌కూ ఖర్చు పెట్టి చూద్దాం.

వ్యాపారి: ఆ మాట కాగితం మీద రాసిస్తే మా వర్తక సంఘంలో నేనే మాట్లాడతాను.