నాలుక గురించిన హెచ్చరిక ముందు బోధకులకే!

"నీ భర్తను నీ నోరే చంపింది."

ఈ మాట అన్నది ఆమె శత్రువు కాదు, సహోదరులారా. ఒక బోధకుడు! సమాధి చేసి పది రోజులైనా కాలేదు. ప్రార్థన చేయించుకుందామని వెళ్లిన సహోదరికి ఆయన చెప్పిన ఓదార్పు ఇది. ఆమె చేసిన నేరం ఏమిటంటే, ఆసుపత్రిలో ఏడుస్తూ "ఈయన ఇక బతకరేమో" అన్నది. ఆ సంగతి విన్నప్పటి నుంచి నా మనసు మండిపోతోంది.

ఇది ఏ బోధో మీకు తెలుసు. రోగం పేరు నోటితో ఎత్తకూడదు, ఎత్తితే అది మీదవుతుంది. స్వస్థత పొందానని ప్రకటించాలి, ప్రకటిస్తే వచ్చేస్తుంది. అమెరికాలో ఇ.డబ్ల్యు. కెన్యన్ (1867–1948) రాతల్లో మొలకెత్తి, కెన్నెత్ హేగిన్ (1917–2003) ప్రసంగాలతో ఊళ్లు దాటిన బోధ. దీనికి ఆధారంగా యాకోబు పత్రిక 3వ అధ్యాయం చూపిస్తారు. గుర్రం నోటి కళ్లెం, ఓడ చుక్కాని, అడవిని తగలబెట్టే చిన్న నిప్పు. చిన్న నాలుకకు ఎంత శక్తి ఉందో చెప్పే పోలికలు ఇవి.

సరే, ఆ అధ్యాయమే తెరవండి. కళ్లెం ఎక్కడుంది? మూడో వచనంలో. చుక్కాని? నాలుగులో. మరి ఒకటో వచనం మీకు ఎవరైనా చదివి వినిపించారా? నేను వినిపిస్తాను: "నా సహోదరులారా, బోధకులమైన మనము మరి కఠినమైన తీర్పు పొందుదుమని తెలిసికొని మీలో అనేకులు బోధకులు కాకుండుడి."

బోధకులు! నాలుక అధ్యాయం మొదలయ్యేదే బోధకులతో! "మనము" అంటూ యాకోబు తనను కూడా కలుపుకున్నాడు. ఆ నిప్పు ముందుగా మైకు పట్టుకున్నవాడి నోట్లో ఉంది. ఈ కెమెరా ముందు కూర్చున్న నా నోట్లోనూ ఉంది, అందుకే భయపడుతూనే మాట్లాడుతున్నాను. ఆ వచనాన్ని దాటేసి, మిగిలిన అధ్యాయాన్ని తీసుకెళ్లి ఒక విధవరాలి నెత్తిన పెట్టారు!

మత్తయి 12:36 కూడా అంతే. వ్యర్థమైన ప్రతి మాటకూ లెక్క చెప్పాలని ప్రభువు ఎవరితో అన్నాడు? భయంతో ఏడుస్తున్న రోగితోనా? కాదు. తాను దయ్యాల అధిపతియైన బయెల్జెబూలు వల్ల దయ్యాలను వెళ్లగొడుతున్నానని నింద వేసిన పరిసయ్యులతో. దేవుని సంగతులు మాకే తెలుసు అనుకున్నవాళ్లతో.

ఇక పౌలును చూడండి. "త్రోఫిము రోగియైయున్నందున అతని మిలేతులో విడిచివచ్చితిని" అని రాశాడు, రెండో తిమోతి 4:20. దాచలేదు, "స్వస్థుడు" అని ప్రకటించలేదు. ఎపఫ్రొదితు చావుకు దగ్గరయ్యాడని ఫిలిప్పీయులకు రాశాడు. తిమోతికి తరచుగా వచ్చే జబ్బుల గురించీ రాశాడు. ఈ బోధ నిజమైతే, ముగ్గురినీ మంచాన పడేసింది పౌలు కలమేనా? యోబు తాను పుట్టిన దినాన్నే శపించాడు. చివరికి దేవుడు కోపపడింది అతని మీద కాదు. "నీ పాపమే నీకు ఇది తెచ్చింది" అని బోధించిన స్నేహితుల మీద!

మరి "జీవమరణములు నాలుక వశము" అన్న సామెతలు 18:21 మాటేమిటి? నా లెక్క ఇది. అదే అధ్యాయంలో 17వ వచనం నుంచి చదవండి. వ్యాజ్యెం, వాది, ఎదుటివాడు, తగాదాలు. అది న్యాయస్థానం వాసన! అక్కడ మనిషి ప్రాణం నిజంగానే సాక్షి నాలుక మీద వేలాడుతుంది. రాజు అడిగిన ద్రాక్షతోట ఇవ్వనన్న నాబోతు చచ్చింది తన నోటివల్ల కాదు. రాణి యెజెబెలు నిలబెట్టిన ఇద్దరు అబద్ధసాక్షుల నోటివల్ల! వాళ్లు మాట్లాడారు, జనం రాళ్లు తీశారు. నాలుక చంపేది ఇలాగే. పక్కవాడి మీద మోపిన మాటతో చంపుతుంది.

ఇప్పుడు చెప్పండి, ఆ రోజు ఆ ప్రార్థన గదిలో మరణం ఎవరి నాలుక వశంలో ఉంది?

సహోదరీ, మీరు ఈ వీడియో చూస్తున్నారో లేదో తెలియదు. మీ భర్త జబ్బుతో చనిపోయారు. మీ మాటవల్ల కాదు.