పొద్దున్నే సిరప్ వేసి బడికి పంపితే...

[దృశ్యం: వంటింటి గట్టు మీద టిఫిన్ బాక్స్, పక్కనే పారాసిటమాల్ సీసా. గోడ గడియారంలో ఏడున్నర.]

రాత్రంతా పిల్లాడి ఒళ్లు కాలిపోయింది. పొద్దున సిరప్ వేస్తే చెమట పట్టి జ్వరం దిగింది. "బానే ఉన్నాడుగా" అని యూనిఫాం తొడిగి ఆటో ఎక్కించారు.

పారాసిటమాల్ జ్వరాన్ని దించుతుంది కానీ ఆ జ్వరం తెచ్చిన ఫ్లూ వైరస్‌ని ఏమీ చేయదు. అది పనిచేసేది 4 నుంచి 6 గంటలే. ఏడున్నరకి వేస్తే, మధ్యాహ్న భోజనం వేళకి వాడు బెంచీ మీద తల వాల్చేస్తాడు. ఆలోపు ఎన్నిసార్లు దగ్గాడో, ఎవరి సీసాలో నీళ్లు తాగాడో! నేను టీచర్‌ని. వానాకాలం వచ్చిందంటే ఇది మాకు రోజూ కనిపించేదే.

[దృశ్యం: తరగతి గది. బయట వాన, కిటికీలన్నీ మూసి ఉన్నాయి.]

మన దేశంలో ఫ్లూ ఎక్కువగా వానాకాలంలోనూ, జనవరి నుంచి మార్చి వరకూ వస్తుంది. జల్లు కొడుతుందని కిటికీలు మూసేస్తే, ఒకరు వదిలిన గాలే గదిలో అందరూ పీల్చాలి. ఇదివరకు నేనూ మూసేసేదాన్ని. ఇప్పుడు జల్లు కొట్టే వైపు మాత్రం మూసి, అవతలి కిటికీలూ తలుపూ బార్లా తీసి ఉంచుతున్నాను.

ఫ్లూ వచ్చినవాళ్లు లక్షణాలు బయటపడడానికి ఒక రోజు ముందు నుంచే అంటిస్తారు. కాబట్టి ఎంత జాగ్రత్తపడ్డా కొంత పాకుతుంది. కానీ జబ్బు బాగా అంటుకునేది మొదటి మూడు రోజుల్లో. ఆ మూడు రోజులు పిల్లాణ్ణి ఇంట్లో ఉంచగలిగితే చాలా మేలు. మందు వేయకుండానే 24 గంటలు జ్వరం రాకపోతే, అప్పుడు పంపండి. ఆ తర్వాత కొన్నాళ్లు పొడి దగ్గు ఉన్నా, పిల్లాడు హుషారుగా ఉంటే బడి మానిపించక్కర్లేదు.

[దృశ్యం: హాజరు పట్టీ. దాని మీద టీచర్ చేయి.]

చెప్పినంత తేలిక కాదని తెలుసు. కూలికెళ్లే తల్లిని ఇంట్లో ఉండమంటే ఆ పూట కూలి పోయినట్టే. దానికి నా దగ్గర సమాధానం లేదు. పక్కింటి అవ్వనో, అమ్మమ్మనో అడగండి. ఎవరూ లేక పంపాల్సి వస్తే, జ్వరం ఉందని మాకు ముందే చెప్పండి. మాస్కు పెట్టి, వరండాలో గాలి తగిలేచోట విడిగా కూర్చోబెడతాం. దాచి మాత్రం పంపకండి.

ఆంధ్రప్రదేశ్‌లో కొందరు "తల్లికి వందనం డబ్బులు పోతాయేమో" అని భయపడతారు. బడికెళ్లే పిల్లల తల్లులకు ప్రభుత్వం ఇచ్చే ఆ డబ్బుకి 75 శాతం హాజరుంటే చాలు. మూడు రోజులు మానితే ఏమీ పోదు. నూరు శాతం హాజరుకి బహుమతులిచ్చే బడులకు ఒక్క మాట: దయచేసి ఆపేయండి. ఆ బహుమతి కోసమే పిల్లలు జ్వరంతో వచ్చి కూర్చుంటున్నారు.

[దృశ్యం: మంచం మీద పిల్ల, పక్కన తల్లి.]

ఇంట్లో ఉంచినప్పుడు ఆస్పిరిన్ ఇవ్వకండి. ఫ్లూ ఉన్న పిల్లలకి అది ప్రమాదం. పోయినసారి మిగిలిన యాంటీబయాటిక్ కూడా వద్దు, వైరస్ మీద అది పనిచేయదు. దగ్గు రెండు వారాలు దాటితే పీహెచ్‌సీలో చూపించి, టీబీ పరీక్ష అవసరమేమో అడగండి.

ఊపిరి తీసినప్పుడల్లా డొక్కలు ఎగరేస్తున్నా, పెదాలు నీలంగా మారినా, నీళ్లు కూడా తాగలేకపోతున్నా తెల్లారేదాకా ఆగకండి. 108కి ఫోన్ చేయండి.