ఇంటికొక్కరే కళాకారుడా?

(అనంతపురంలో రికార్డు చేసిన చర్చా కార్యక్రమానికి అక్షర రూపం. పాల్గొన్నవారు: నిమ్మలకుంటకు చెందిన తోలుబొమ్మల కళాకారిణి, జానపద కళలు బోధించి పదవీ విరమణ చేసిన అధ్యాపకుడు, అనంతపురం గృహిణి ఒకరు. వారి కోరిక మేరకు పేర్లు ఇవ్వడం లేదు. మైకులు సర్దుకున్న మొదటి నిమిషాలు వదిలేశాం.)

సంధానకర్త: వార్తతోనే మొదలుపెడదాం. 2025 సెప్టెంబరు 22 నుంచి చాలా హస్తకళా వస్తువుల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి దిగింది. చేతితో చేసిన దీపాలూ అందులో ఉన్నాయి. అక్కా, మీ ఇంట్లో ఏమైనా తేడా కనిపించిందా?

కళాకారిణి: తగ్గింది కొనేవాళ్లకు కదా సార్. దుకాణాలవాళ్లు నాలుగు ఎక్కువ అడిగితే మాకూ మంచిదే. తోలు ధర మాత్రం తగ్గలేదు. ఒక లాంతరు గుడ్డకు, అంటే మీరు దీపం చుట్టూ పెట్టుకునే తోలుకు, రంగులు దిద్దడానికే నాకు రెండు రోజులు పడుతుంది. ఆ రెండు రోజులకు విలువ కట్టిన వాళ్లను ఇంతవరకు చూడలేదు.

గృహిణి: నేను కొన్నాను అక్కా, ప్రభుత్వ హస్తకళల దుకాణం లేపాక్షిలో. నిజం చెప్పాలంటే, రేటు చూసి ఒకసారి వెనక్కి పెట్టేశాను కూడా.

కళాకారిణి: అందరూ పెట్టేస్తారమ్మా. తిరిగి తీసుకున్నారు కదా, అది చాలు.

సంధానకర్త: సార్, నిమ్మలకుంట గురించి తెలియని శ్రోతల కోసం రెండు మాటలు చెప్పండి.

అధ్యాపకుడు: ధర్మవరం మండలంలోని ఊరు. 2022 ఏప్రిల్ 4న జిల్లాల విభజన జరిగాక శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లింది కానీ, జనం నోట ఇంకా అనంతపురం నిమ్మలకుంటే. ఆ ఊరి దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ ప్రకటించారు. ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకు భౌగోళిక గుర్తింపూ ఉంది. మన బొమ్మల ప్రత్యేకత వాటి ఎత్తు. కొన్ని మనిషంత ఉంటాయి. కర్ణాటక, కేరళ బొమ్మలు వీటి పక్కన పిల్లల్లా కనిపిస్తాయి.

కళాకారిణి: రావణుడికి మా ఇంట్లో నాలుగు తోళ్లు తక్కువ కాకుండా పడతాయి. పది తలలు, ఇరవై చేతులు. ఆయన ఖర్చు ఆయనదే! (నవ్వులు)

సంధానకర్త: తోలు ఇంటికి వచ్చిన రోజు నుంచి చెప్పండి.

కళాకారిణి: మేకతోలే వాడతాం. పూర్వం దేవుళ్ల బొమ్మలకు జింకతోలు వాడేవారని మా మామగారు చెప్పేవారు.

అధ్యాపకుడు: 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో అది ముగిసింది.

కళాకారిణి: అవును. వేడినీళ్లలో నానబెట్టి, వెంట్రుకలు, లోపలి కొవ్వు గీకేస్తాం. ఆ వాసన సంగతి అడగకండి. మా వీధిలోకి కొత్తగా వచ్చిన కోడలు మొదటివారం అన్నం తినలేదు. ఆ కోడలిని నేనే. తర్వాత మేకులు కొట్టి, డోలుకు బిగించినట్టు సాగదీసి ఎండలో పెడతాం. ఆరాక వెలుతురుకు ఎత్తి చూస్తే వెనకాల చెయ్యి కనిపించాలి. లేకపోతే మళ్లీ గీకాలి. అప్పుడు నల్ల సిరాతో గీత. ఆ తర్వాత కింద చెక్కదిమ్మ పెట్టుకుని ఉలితో చిల్లులు. సీతమ్మ నగలన్నీ చిల్లులే. రంగుతో నగ వేస్తే తెర మీద మసిగా పడుతుంది. చిల్లు పెడితే దీపం ఆ చిల్లులోంచి తొంగిచూస్తుంది, అదే బంగారం.

సంధానకర్త: ఈ పనులన్నీ ఇంట్లోనే జరుగుతాయా?

కళాకారిణి: ఇంకెక్కడ సార్? వసారాలో తోలు, మధ్యగదిలో రంగులు, వంటింటి గోడకు తగిలించి ఆరబెట్టిన హనుమంతుడు. పొయ్యి మీద పప్పు ఉడికేలోపు ఒక కిరీటం దిద్దేస్తాను. పిల్లలకు చెప్పేది ఒకటే: చెయ్యి తడిగా ఉంటే బొమ్మ ముట్టుకోవద్దు.

గృహిణి: (నవ్వుతూ) ఆ మాట నాకెవరూ చెప్పలేదు. దుమ్ము పట్టిందని తడిగుడ్డతో తుడిచాను. రాముడి నీలం కారి టీవీ బల్ల మీదికి దిగింది. బల్ల మీది మరక ఇంకా పోలేదు.

కళాకారిణి: నీళ్లలో కరిగే రంగులమ్మా అవి! పొడిగుడ్డ, అదీ మెత్తనిది. ఇంకొకటి, లోపల పాతకాలపు బల్బు పెట్టవద్దు. వేడికి తోలు ముడుచుకుంటుంది. ఎల్‌ఈడీ పెట్టండి.

సంధానకర్త: ఇక్కడొక మాట అడగాలి. రాత్రంతా రామాయణం ఆడిన బొమ్మ ఇప్పుడు ఒక ఇంటి మూలలో నిలబడి మాట్లాడకుండా వెలుగుతోంది. సార్, మీకిది బాధగా ఉందా?

అధ్యాపకుడు: ఉంది. దాచుకోను. బొమ్మలాటలో కేతిగాడు, బంగారక్క, జుట్టు పోలిగాడు అని హాస్యపాత్రలు ఉంటాయి. రాముడికి రాసిన మాటలున్నాయి, వాళ్లకు లేవు. ఆ రోజు ఊళ్లో ఏం జరిగితే అదే మాట్లాడతారు. మునసబు ఎవరి కాలువకు అడ్డం కట్టాడు, ఎవరింట్లో కోడలు అలిగింది, రేషను దుకాణంలో తూకం ఎంత తక్కువ, అన్నీ కేతిగాడే చెప్పేవాడు. మనం టీవీ ముందు కూర్చుని వర్తమాన వ్యవహారాలు అంటున్నామే, ఆ పని ఆయన చేసేవాడు, అదీ ముందు వరసలో మునసబు కూర్చుని ఉండగానే. దీపం చుట్టూ గుడ్డగా కేతిగాడిని ఎవరూ కొనరు. కృష్ణుడు అమ్ముడుపోతాడు, నెమలి అమ్ముడుపోతుంది.

కళాకారిణి: సార్ చెప్పింది నిజమే. కానీ నాకు అంత బాధ లేదు. ఆట ఆడిన కాలంలో మా అత్తగారు బండి వెనక నడిచి ఊళ్లు తిరిగారు. తెర వెనక పాట పాడాలి, చెక్కపలకలు తొక్కి యుద్ధం చప్పుడు చేయాలి, ఒళ్లో పిల్లవాడు. తెల్లారాక ఊరివాళ్లు గింజలు పెడితే తిండి, లేకపోతే లేదు. నేను ఇంటి పట్టున ఉండి పిల్లలను బడికి పంపుతున్నాను.

అధ్యాపకుడు: (కాసేపు ఆగి) ఒప్పుకుంటాను. చూసేవాడి బాధ, ఆడేవాళ్ల బాధ ఒకటి కావు.

సంధానకర్త: ఆట తగ్గడానికి సినిమానే కారణమా?

అధ్యాపకుడు: సినిమా, టీవీ సరే. కరువునూ లెక్కలో వేయాలి. ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ వాన పడే చోటు ఇది. పంట ఇంటికొస్తేనే ఆట పెట్టించగలరు. చిత్రం ఏమిటంటే, వాన పడకపోయినా పిలిచేవారు. విరాటపర్వం ఆడిస్తే వానొస్తుందని నమ్మకం.

కళాకారిణి: వాన కోసం ఆడిన బొమ్మకు ఎండ కావాలి సార్. ముసురు పడితే తోలు ఆరదు, బూజు పడుతుంది. మా పనికి ఈ ఊరి ఎండే పెట్టుబడి.

సంధానకర్త: ప్రభుత్వ సాయం సంగతికి వద్దాం. పీఎం విశ్వకర్మ పథకం 2023 సెప్టెంబరు 17న మొదలైంది. 18 సంప్రదాయ వృత్తులు, వాటిలో బొమ్మల తయారీ ఒకటి. శిక్షణ రోజుల్లో రోజుకు 500 రూపాయలు, పనిముట్లకు 15,000, మొదట లక్ష, తర్వాత రెండు లక్షల వరకు 5 శాతం వడ్డీకి అప్పు. మీరు నమోదయ్యారా?

కళాకారిణి: మా ఆయన అయ్యారు.

సంధానకర్త: మీరు?

కళాకారిణి: ఇంటికి ఒక్కరే అన్నారు.

అధ్యాపకుడు: అవును, నిబంధన అదే. భార్య, భర్త, పెళ్లికాని పిల్లలు కలిసి ఒక కుటుంబం. అందులో ఒక్కరికే నమోదు. ఒక ఇంట్లో ఒకరు వడ్రంగి, ఒకరు దర్జీ అయితే ఆ లెక్క ఎలా ఉన్నా, తోలుబొమ్మ విషయంలో బొత్తిగా కుదరదు. ఒకరు గీకుతారు, ఒకరు గీస్తారు, ఒకరు చిల్లులు పెడతారు, ఒకరు రంగు దిద్దుతారు. నలుగురు పనిచేస్తే ఒక బొమ్మ. కాగితం మీద మాత్రం ఒక కళాకారుడు.

సంధానకర్త: సాయం ఎక్కువమంది ఇళ్లకు చేరాలని అలా పెట్టి ఉండవచ్చు కదా?

అధ్యాపకుడు: డబ్బుకు ఆ పరిమితి పెట్టుకోమనండి, నాకు అభ్యంతరం లేదు. పేరుకు ఎందుకు? అప్పు ఒకరికే ఇచ్చి, గుర్తింపు నలుగురికీ రాయడానికి ఖర్చేమీ లేదు.

కళాకారిణి: ఒకసారి నా దరఖాస్తు నింపుతున్నాయన వృత్తి అన్న చోట గృహిణి అని రాసుకున్నారు. నా గోళ్లలో అప్పుడు ఎర్రరంగు ఉంది. చూపించాను. గోరింటాకా అమ్మా అన్నారు.

గృహిణి: నాకూ అలాగే రాస్తారు అక్కా. నేను చేసేది అదే కాబట్టి అడగలేదు. పెళ్లికి ముందు నీటిరంగుల బొమ్మలు వేసేదాన్ని. ఆ పెట్టె అటక మీద ఉంది.

కళాకారిణి: రంగులు ఎండిపోయి ఉంటాయి. నీళ్లు చుక్క వేసి చూడండి, కొన్ని బతుకుతాయి.

సంధానకర్త: మీ అమ్మాయికి పని నేర్పుతున్నారా?

కళాకారిణి: నేర్పాను. ఇంట్లో మాది ఆరె మరాఠీ, బొమ్మకు మాత్రం తెలుగులోనే పాడాలి. పాట రాలేదు దానికి. చెయ్యి మంచిది. ఫోనులో చూసి పులులు, జిరాఫీలు గీస్తుంది. నేను వద్దనను. కేతిగాడిని కూడా గీయమన్నాను. గీసింది. చేతిలో ఫోను పెట్టింది.

అధ్యాపకుడు: అదీ! అది నేను కొంటాను.

సంధానకర్త: సమయం అయిపోతోంది. అమ్మా, మీరేదో అడగాలనుకున్నారు.

గృహిణి: కారిపోయిన నా రాముడిని బాగుచేయడం కుదురుతుందా?

కళాకారిణి: తీసుకురండి, మళ్లీ నీలం దిద్దుతాను. ధర్మవరంలో బస్సు దిగి ఎవరిని అడిగినా మా ఊరి దారి చెబుతారు. మబ్బు పట్టిన రోజు మాత్రం తేవద్దు.